పెద్ద చదువు లేని పాడిరైతును "నిపుణురాలు" అని ఆహ్వానపత్రంలో వేయవచ్చునా?

పల్లె_గ్రంథాలయం (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మాది కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరు. ఏడెనిమిది మందిమి కలిసి రెండేళ్లుగా ఊరి గ్రంథాలయంలో నెలకొకసారి సభ జరుపుతున్నాము. ఇంతవరకు వచ్చి మాట్లాడినవారిలో ఒక హృద్రోగ వైద్యులు, ఒక న్యాయవాది, ఒక బ్యాంకు మేనేజరు, ఇద్దరు విశ్రాంత అధ్యాపకులు ఉన్నారు. ఆహ్వానపత్రంలో ప్రతి ఒక్కరి పేరు కిందా వారి రంగం పేరు వేసి, పక్కన "నిపుణులు" అని ముద్రించడం మాకు అలవాటు.

వచ్చే నెల సభకు మా వీధి చివర ఉండే పెద్దమ్మను పిలుద్దామని నేను ప్రతిపాదించాను. ఆమెకు అరవై మూడేళ్లు. మూడో తరగతితో బడి మానేశారు. నలభై ఏళ్లకు పైగా గేదెలను సాకుతున్నారు, ఇప్పుడు కొట్టంలో ఐదు ఉన్నాయి. ఊళ్లో ఎవరి గేదె ఎదకు, అంటే చూలు కట్టే అదనుకు, రాకపోయినా, ఈనలేక అవస్థ పడుతున్నా, ఉన్నట్టుండి పాలు ఎగబెట్టినా మొదట ఆమెకే కబురు వెళుతుంది. సంతలో గేదెను కొనబోయేవారు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

మా సంఘంలో ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. ఆమెను పిలవడానికి ఆయనకు అడ్డు లేదు గాని, "నిపుణురాలు" అన్న మాట వేయడానికి ఒప్పుకోలేదు. అది చదువుతో, పరీక్షలతో సంపాదించుకోవలసిన మాట అనీ, గేదెలను మేపేవారందరికీ దానిని అంటగడితే రేపు మాటకే విలువ ఉండదనీ ఆయన వాదన. ఆయన మంచివారు, మాట తేలికగా అనరు. అందుకే నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టింది పెద్దమ్మ అన్న మాట. విషయం చెప్పగానే ఆమె, "నాకేం తెలుసు నాయనా, గేదెల సంగతి తప్ప!" అన్నారు. నలభై ఏళ్ల తెలివిడి అంతా ఆ "తప్ప" అన్న ఒక్క మాట వెనక్కి తప్పుకోవడం చూసి నాకు బాధ కలిగింది. "నిపుణురాలు" అన్న మాట ఆమె పేరు పక్కన వేయడం సబబేనా? సబబైతే దేనిని కొలతగా తీసుకోవాలి? "నాకేం తెలుసు" అనే మనిషి చేత సభలో ఎలా మాట్లాడించాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

విశ్రాంత_పశువైద్యుడు

అయ్యా, నేను ముప్పై రెండేళ్లు పశువైద్యుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మీ పెద్దమ్మగారిని నేను చూడలేదు గాని, అటువంటివారి దగ్గర నేర్చుకున్నవాడిని కనుక మీ ప్రశ్నకు జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందుగా గేదె సంగతి. ఆవు ఎదకు వస్తే వీధి అంతటికీ తెలుస్తుంది. అరుస్తుంది, ఇతర పశువుల మీదికి ఎక్కుతుంది, వెనక జారే జిగురు తీగలు స్పష్టంగా కనిపిస్తాయి. గేదె అలా కాదు. వేసవిలో అయితే చాలా గేదెలు ఏ లక్షణమూ పైకి చూపకుండానే ఎదకు వచ్చి వెళ్లిపోతాయి. దీనినే మేము మూగ ఎద అంటాము. ఎద ఇరవైయొక్క రోజులకు ఒకసారి వస్తుంది, ఉండేది సుమారు ఒక పగలో ఒక రాత్రో. ఉదయం ఎదలో కనిపించిన గేదెకు ఆ సాయంత్రం, సాయంత్రం కనిపించినదానికి మర్నాడు ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించాలి. ఆ సమయం దాటిపోతే మరో మూడు వారాల మేత, దాణా ఖర్చు రైతు నెత్తిన పడుతుంది. ఒకటి రెండు సార్లు కాకుండా నాలుగైదు సార్లు దాటిపోతే ఆ ఏడాది ఈత పోయినట్టే. చిన్న రైతు అప్పు తీర్చగలడా లేదా అన్నది చాలాసార్లు ఈ ఒక్క గుర్తింపు మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ మూగ ఎదను పట్టుకునేది ఎవరు? పశువుల ఆసుపత్రిలో కూర్చున్న వైద్యుడు కాదు. తెల్లవారుజామున పేడ ఎత్తేటప్పుడు గేదె పడుకున్న చోట నేల మీద జిగురు ఉందా అని చూసే మనిషి, ముందురోజు సాయంత్రం పాలు అరలీటరు తగ్గాయని చేతికే తెలిసిన మనిషి, మాటిమాటికీ మూత్రం పోస్తోందని గమనించిన మనిషి, ఈ మూడింటినీ కలిపి చూసుకోగలిగిన మనిషి.

నా మొదటి ఉద్యోగం ప్రకాశం జిల్లాలో. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో ఒక ముసలమ్మ గేదెను తోలుకొచ్చింది. నేను పైపైన చూసి ఎదలో లేదని చెప్పి పంపేయబోయాను. ఆమె కదలలేదు. "రాత్రి పాలు తగ్గించింది బాబూ, తెల్లారి పడుకున్న చోట తీగ ఉంది, మూడు నెలల నుంచి ఇది నన్నిలాగే మోసం చేస్తోంది, చెయ్యి పెట్టి చూడు" అంది. చేతికి తొడుగు వేసుకుని లోపల పరీక్షిస్తే గర్భాశయం బిగువుగా ఉంది. ఆమె చెప్పిందే నిజం. ఆ రోజే పని ముగించాము, గేదె సూడి కట్టింది, పది నెలలు దాటాక పెయ్యదూడ పుట్టింది. ఆ తరువాత పశువును తాకే ముందు దాని మనిషిని రెండు ప్రశ్నలు అడగడం నేను ఏనాడూ మానలేదు. నా పుస్తకంలో ఉన్నది గేదె జాతి గురించి. ఆమెకు తెలిసింది ఆ గేదె గురించి. రోగం వచ్చేది జాతికి కాదు, ఆ గేదెకు.

కొలత ఏమిటని అడిగారు. నేను మూడు సంగతులు చూస్తాను. ముందుగా చెప్పినది జరుగుతోందా? జరగనప్పుడు ఎందుకు జరగలేదో ఆలోచించి, మరోసారి మార్చుకుంటున్నారా? తమకు చేతకానిది వచ్చినప్పుడు "ఇది నా వల్ల కాదు, డాక్టరును పిలవండి" అంటున్నారా? ఈ మూడూ ఉంటే పట్టా ఉన్నా లేకపోయినా ఆ మాటకు అర్హులే. ఇవి లేని పట్టభద్రులను నేను ఉద్యోగకాలంలో చూశాను.

నల్లరేగడి

మాది జహీరాబాదు ప్రాంతం. మీ సంఘంలోని పెద్దాయన సందేహాన్ని మా ప్రాంతంలోనూ ఒకప్పుడు చాలామంది వెలిబుచ్చేవారు, అందుకే ఇది రాస్తున్నాను.

పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుంచి ఇక్కడి ఊళ్లలో మహిళా సంఘాలతో పనిచేస్తోంది. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, ఎకరం రెండెకరాల మెట్టభూమి ఉన్నవారు, అక్షరాలు రానివారు. వారికి తెలిసింది విత్తనం. కంకి చేను మీద ఉండగానే విత్తనానికి ఏది పనికివస్తుందో చూసి గుర్తుపెట్టుకోవడం, విడిగా కోసి ఎండబెట్టడం, మట్టీ పేడా అలికిన వెదురు బుట్టలో బూడిద, వేపాకు కలిపి దాచడం వారికి అమ్మమ్మల నుంచి వచ్చిన పని. ఒక్క చెలకలోనే జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు, ఇంకా పది రకాలు కలిపి చల్లుతారు. వాన ముందు వచ్చినా వెనక వచ్చినా ఏదో ఒక పంట చేతికి వస్తుందన్నది వారి లెక్క. ఏ పంట వేరు ఎంత లోతుకు పోతుందో, ఏది దేనికి నీడనిస్తుందో తెలియకుండా అలా కలపడం సాధ్యం కాదు. పైనుంచి చూసేవారికి అది ఇష్టం వచ్చినట్టు చల్లినట్టే కనిపిస్తుంది.

రేషన్ బియ్యం వచ్చాక జొన్న, కొర్ర తినడం పేదరికానికి గుర్తయింది. వాటితోపాటు వాటి గురించి తెలిసినవారి మాటకూ విలువ పోయింది. నన్ను అడిగితే ఇదే అసలు సంగతి. చేసే మనిషికి ఊళ్లో ఉన్న స్థానాన్ని బట్టి ఆ పని "విద్య" అవుతుందా, "కూలిపని" అవుతుందా అన్నది నిర్ణయమవుతోంది గాని, పనిలో ఉన్న తెలివిని బట్టి కాదు.

తరువాత ఏం జరిగిందో చూడండి. సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే పాత పంటల జాతరలో ఈ స్త్రీలు ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగి మాట్లాడుతున్నారు. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది, దానిని నడిపేదీ వారే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకు వచ్చింది. కాని ఒక్కటి గమనించాలి. బహుమతి వచ్చిన రోజున వారికి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. ఆ తెలివి అంతకుముందూ ఉంది, గుర్తించే కన్ను ఆలస్యంగా వచ్చింది. మీ ఊళ్లో ఆ కన్ను మీదే అయినందుకు నాకు సంతోషంగా ఉంది. మాట వేయండి, తగ్గించకండి.

ఆధారం_అడిగేవాడు

పై ఇద్దరి మాటలను గౌరవిస్తూనే నేను కొంత వేరుగా చెప్పదలచుకున్నాను. పెద్దాయన అభ్యంతరాన్ని అంత సులభంగా పక్కన పెట్టకండి.

చాలా ఏళ్లు చేసినంత మాత్రాన ఏ పనీ సరైనది కాదు. పుట్టిన బిడ్డకు మొదటి ముర్రుపాలు పిండి పారబోయడం, కోసిన బొడ్డుకు బూడిదో పేడో పూయడం మన ఊళ్లలో తరతరాలుగా అనుభవం ఉన్న పెద్దలు చెప్పి చేయించినవే. ధనుర్వాతంతో ఎంతమంది పసిబిడ్డలు పోయారో ఆ తరం తల్లులకు తెలుసు. చెప్పినవారెవరూ చెడ్డవారు కారు. వారి మాటను ఎవరూ పరీక్షించలేదు, అంతే.

గేదెల విషయంలోనూ ఇటువంటిది ఒకటి ఉంది. ఈనాక మాయ (కడుపులో దూడను అంటి ఉన్న పొర) పడేదాకా దూడను పాలు తాగనివ్వకూడదని చాలామంది పాడిరైతులు గట్టిగా నమ్ముతారు. మా ఇంట్లో మా నాయనమ్మ అలాగే చేసేది, దూడలు నిలిచేవి కావు, దిష్టి తగిలిందనుకునేవారు. మీ పెద్దమ్మగారు సభలో ఆ మాటే చెబితే, పైన "నిపుణురాలు" అని వేసి ఉంటే, విన్నవారు ఇంటికి వెళ్లి అదే చేస్తారు. ఆ బాధ్యత ఆహ్వానపత్రం వేసినవారిది కాదా?

నేను ఆమెను పిలవవద్దని అనడం లేదు. పిలిచే ముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. "అనుభవజ్ఞురాలు" అన్న మాట మనకు ఉండనే ఉంది, అది తక్కువ మాటేమీ కాదు.

విశ్రాంత_పశువైద్యుడు

చివరి మిత్రులు లేవనెత్తినది సరైన ప్రశ్న. గేదెల్లో, ఆవుల్లో తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి కడుపులో ఉండగా దూడకు అందదు. అది ముర్రుపాల ద్వారానే అందాలి. దూడ పేగు దానిని పీల్చుకోగలిగేది పుట్టిన మొదటి కొన్ని గంటల్లోనే, ఒక రోజు గడిస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. మాయ పడటానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పట్టవచ్చు. కనుక మాయ కోసం ఆగితే దూడకు మంచి సమయం దాటిపోతుంది. పైగా దూడ పొదుగు కుడిస్తే గర్భాశయం ముడుచుకుని మాయ పడటానికే సాయమవుతుంది.

అయితే ఇటువంటి పొరపాట్లు పట్టా ఉన్నవారి రంగాల్లోనూ జరిగాయి, దిద్దుకున్నారు. ఆమె దిద్దుకున్నారా లేదా అన్నదే చూడవలసింది. నేను చెప్పిన రెండో కొలత ఇందుకే.

ఆసుపోసిన_ఇల్లు

మాది చేనేత కుటుంబం. పోచంపల్లి తరహా చీర నేయాలంటే చిటికి కట్టే ముందు, అంటే రంగు అద్దడానికి నూలును అక్కడక్కడ ముడివేసే ముందు, ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలు పోగును చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చేయి వేలసార్లు తిరగాలి. మా ఇళ్లలో ఆ పని ఆడవాళ్లదే. సాయంత్రానికి మా అమ్మకు భుజం పైకి లేచేది కాదు. "ఏం చేస్తావమ్మా" అని ఎవరైనా అడిగితే "ఏం లేదు, ఇంట్లోనే ఉంటాను" అనేది.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చిన్నతనంలోనే బడి మానవలసి వచ్చిన మనిషి ఆయన. తల్లి ఆసు పోస్తూ భుజం నొప్పితో బాధపడటం చూసి ఆ పనికి పూనుకున్నారు. పోగు ఎక్కడ తిరగాలో, ఎంత బిగువు ఉండాలో, ఎక్కడ తెగుతుందో తెలిసిన ఇంట్లో పుట్టకపోతే ఆ యంత్రాన్ని ఊహించడం కుదిరేది కాదని మా నేతగాళ్లందరి నమ్మకం. ఆయనను తలచుకున్నప్పుడల్లా నాకు ఆ తల్లి చేయి కూడా గుర్తుకు వస్తుంది.

తెలుగు_పంతులు

మీ మూడో ప్రశ్నకు, అంటే ఆమె చేత ఎలా మాట్లాడించాలన్నదానికి, ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నేను ప్రయత్నిస్తాను. బడిపిల్లల చేత ఊరి వృత్తుల మాటలు సేకరింపజేసిన అనుభవంతో చెబుతున్నాను.

ఆమెను వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చి ప్రసంగించమనకండి. ప్రసంగం వేరే విద్య, అది ఆమెది కాదు. సభనే ఆమె కొట్టం దగ్గరికి తీసుకువెళ్లండి. "గేదెల పెంపకం గురించి చెప్పండి" అంటే ఆమెకు ఏమీ తోచదు. "ఈ ఐదింటిలో ఏది ముందు ఈనుతుంది? ఎలా చెప్పగలరు?" అని అడగండి. "సంతలో మీరు వద్దని చెప్పిన గేదెను ఎవరైనా కొన్నారా? ఏమైంది?" అని అడగండి. చేతితో తెలిసినది ప్రశ్నకు రాదు, సందర్భానికి వస్తుంది. ఆమె పొదుగు మీద చేయి వేసినప్పుడు "ఇప్పుడు ఏం చూశారు?" అని అడిగితే, తాను ఏదో చూశానని ఆమెకే అప్పుడు తెలుస్తుంది.

చెప్పినది ఆమె మాటల్లోనే రాసిపెట్టండి. ఇది చిన్న పని కాదు. పసుపు గాయాన్ని మాన్పుతుందని మన ఇళ్లలో ఎవరికి తెలియదు? అయినా 1995లో అమెరికాలో దాని మీద పేటెంటు ఇచ్చారు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసినప్పుడు, మా అమ్మమ్మలకు ఇది తెలుసు అంటే సరిపోలేదు. రాతపూర్వకమైన పాత ఆధారాలను వెతికి చూపవలసి వచ్చింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. రాసి ఉన్నందువల్ల మన అమ్మమ్మల తెలివి నిలిచింది. రాయనివి ఎన్ని పోయాయో లెక్క లేదు.

మాట విషయానికి వస్తే, పనిలో ఆరితేరినవారిని మనం "చేయి తిరిగిన మనిషి" అంటాము. ఆ నానుడిలో పరీక్ష ప్రస్తావన లేదు, చేయి ప్రస్తావనే ఉంది. "నిపుణురాలు" అన్న మాటకు ఇంతకంటే దగ్గరి తెలుగు నాకు తెలియదు.

పల్లె_గ్రంథాలయం

అందరికీ కృతజ్ఞతలు. ఆధారం అడిగిన మిత్రులు చెప్పినట్టు నిన్న సాయంత్రం పెద్దమ్మ దగ్గరికి వెళ్లి ముర్రుపాల సంగతి అడిగాను. నాతో పాటు అభ్యంతరం చెప్పిన పెద్దాయన కూడా వచ్చారు.

తాను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు చెప్పినట్టు మాయ పడేదాకా దూడను కట్టేసేదాన్నని ఆమె ఒప్పుకున్నారు. వరుసగా మూడు దూడలు పోయాయట. నాలుగోసారి గేదె రాత్రిపూట ఒంటరిగా ఈనింది. తెల్లవారి వెళ్లి చూసేసరికి దూడ తనంతట తానే లేచి కడుపు నిండా తాగి ఉంది, ఆ దూడ బతికింది. తరువాతి ఈతకు కావాలనే వెంటనే వదిలారు, అదీ బతికింది. "అప్పటి నుంచి మా అత్త పోట్లాడినా నేను కట్టెయ్యలేదు నాయనా" అన్నారు. తరువాత, అడ్డం తిరిగిన దూడను ఒకసారి తానే లాగబోయి గేదెను పోగొట్టుకున్నాననీ, అటువంటివి వస్తే ఇప్పుడు డాక్టరుకు ఫోను చేయిస్తాననీ మేము అడగకుండానే చెప్పారు.

తిరిగి వస్తూ దారిలో పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. గ్రంథాలయం మెట్ల దగ్గర ఆగి, ఆహ్వానపత్రంలో హృద్రోగ వైద్యులకు వేసిన అక్షరాల పరిమాణంలోనే ఈమెకూ వేయమని చెప్పి వెళ్లిపోయారు. "పాడిపశువుల పోషణలో నిపుణురాలు" అని అచ్చుకు ఇచ్చాము.

సభ కొట్టం దగ్గరే జరుగుతుంది. ఇద్దరు డిగ్రీ విద్యార్థినులు ఆమె మాటలను రాసుకుంటారు. పెద్దమ్మ పెట్టిన షరతు ఒక్కటే, సాయంత్రం నాలుగున్నరకల్లా అందరూ లేచి వెళ్లిపోవాలి. ఈ మధ్యే ఈనిన గేదె ఒకటి ఉంది, కొత్త మనుషులు చుట్టూ ఉంటే అది పాలు చేపదట.